పిండి ఆరలేదు

ముప్పై ఒక్క ఏళ్ళు
పుస్తకాన్ని వీపు వైపు నుంచే చూశాను.
బ్రాడీపేట నాలుగు బై పద్నాలుగులో నా బైండింగు కొట్టు.
లాయర్ల రిపోర్టులు, సొసైటీ చిట్టాలు, కాలేజీ పిల్లల రికార్డులు,
ఏదైనా నాకొకటే:
ఎన్ని ఫారాలు, ఎంత మందం, రెగ్జినా కాలికోనా.
లోపల ఏముందని ఎవరన్నా అడిగితే
దారం ఉంది అనేవాణ్ణి.

ఖైరున్నీసా మేడం రిక్షా దిగి
గోతాం దింపించింది.
పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి.
"ఉప్పుకోట. తొమ్మిది భాగాలు యోహానూ.
నైట్ డ్యూటీల్లో నన్ను కునుకు తీయనివ్వనిది ఇదే.
కుట్టేముందు ఒక్క పేజీ చదివి చూడు."
నవలలా! పనిలేనివాళ్ళ పని.
అనలేదు గానీ, నా మొహం అనేసే ఉంటుంది.
"సోమవారం రండి" అన్నాను.

పేజీలు వరసలో ఉన్నాయో లేదో చూడ్డానికి
నాకు అంకెలు చాలు.
మొదటి భాగంలో ఆ అంకెలున్న మూలల్నే
చెదలు తినేశాయి.
ఇక గత్యంతరం లేక
ఈ పేజీ చివరి మాటా ఆ పేజీ మొదటి మాటా
అతుకుతున్నాయా అని చూడబోయాను.
"సంద్రాలు తలుపు తీసింది" దగ్గర ఒక పేజీ అయిపోయింది.
"ఎవరూ లేరు. గడప మీద తడి పాదాలు మాత్రం" అని
ఇంకోటి మొదలైంది.
ఎవరివి?
దారం ఎక్కించిన సూది
వేళ్ళ మధ్య అలాగే ఉండిపోయింది.
మైలుతుత్తం కలిపిన మైదా పిండి
పొయ్యి మీద అడుగంటింది.

తర్వాతి సంగతి చెప్పుకోడానికి సిగ్గే.
మార్చి నెల. యార్డు వైపు నుంచి గాలి తిరిగితే
ఊరంతా తుమ్ముతుంది.
తుమ్ముతూ చదివాను, కళ్ళు తుడుచుకుంటూ చదివాను.
ఏ చుక్క మిరప ఘాటుకో,
ఏది సంద్రాలు తన చెల్లెల్ని
ఉప్పు మూటలా భుజానేసుకుని పడవెక్కినందుకో
తేల్చుకోలేదు.
ఆడిట్ ఫైళ్ళు గోడకి చేరగిలబడి
అప్పులవాళ్ళలా నన్నే చూస్తున్నాయి.
మార్తమ్మ క్యారేజీ తెచ్చి, నా కళ్ళ ఎరుపు చూసి
"మళ్ళీ మొదలెట్టావా?" అంది.
"మూడో భాగం" అన్నాను.

సోమవారం: "పిండి ఆరలేదు మేడం."
మళ్ళీ సోమవారం: "ఎండ చాలట్లేదు మేడం."
గుంటూర్లో! ఎండ చాలట్లేదట!
ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని
"ఎంతదాకా వచ్చావు?" అంది.
"కోట తాళంచెవి మింగేసింది" అన్నాను, తల దించుకుని.
"అయితే ఈ రాత్రికి నీకు నిద్ర లేదు" అంటూ లేచి వెళ్ళింది.

ఏడో భాగం, నూట తొంభై రెండో పేజీ.
బావిలోకి దిగుతూ, చీకట్లోకి వంగి
"నాన్నా, నువ్వేనా?" అంటుంది సంద్రాలు.
ఆ తర్వాత తెగిన దారం.
పదహారు పేజీల ఫారం, ఆఖరిది, లేదు.
ఎనిమిదో భాగం పదేళ్ళు దాటేసి మొదలవుతుంది,
బావి ఊసే ఎత్తదు.

కొట్టుకి తాళమేసి బెజవాడ బస్సెక్కాను.
లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల గుట్టల ముందు
గొంతుక్కూచుని
గైడ్లూ పంచాంగాలూ తోడి తోడి పోశాను.
"ఉప్పుకోటా? ఎవడు చదువుతాడండీ అవన్నీ" అన్నాడొక కుర్రాడు.
ఆ గొంతు ఎక్కడో విన్నట్టుంది.
తిరుగు బస్సు వారధి మీద ఆగిపోతే
కింద కృష్ణ ఇసక తేలి ఉంది,
మధ్యలో ఒకే ఒక్క నల్లటి మడుగు.
లోతెంతో అని వంగి చూశాను.
పక్కసీటాయన నా చొక్కా పట్టుకున్నాడు.

"ఆ ఫారమా!" నవ్వింది మేడం.
"ఆర్థో వార్డులో ఒక లారీ డ్రైవరు, కాలు తీసేశారు.
డిశ్చార్జి రోజు చింపుకుని పట్టుకెళ్ళాడు.
ఏమంటాను?
నువ్వు నెల్రోజులు పిండి ఆరలేదన్నావు,
నిన్నేమన్నాను?"

స్టూలు తుడిచి వేశాను.
ఎవరో ఫైళ్ళ కోసం వస్తుంటే
షట్టరు సగానికి లాగేశాను.
"నాకు గుర్తున్నంతవరకే" అని
గొంతు సవరించుకుంది ఆవిడ.

"బావిలో నీళ్ళు లేవు యోహానూ..."